దొడ్డు సూదికి జడిసేవాళ్లకు మొదటి రక్తదానం

జరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ‘గోలీలతో తగ్గదు, సూదేయి’ అని అడిగి మరీ వేయించుకునే మనిషి, రక్తదానం అనేసరికి ‘సూదంటే నాకు భయం’ అంటాడు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తరచూ వినబడే మాటే ఇది. ఇందులో అబద్ధమేమీ లేదు. రెండు సూదులూ ఒకటి కావు. ఒకటి మందును లోపలికి పంపుతుంది, ఇంకొకటి రక్తాన్ని బయటికి తీస్తుంది. మొదటిది బలం ఇస్తుందని నమ్మకం, రెండోది ఉన్న బలం లాగేస్తుందని అనుమానం. దానికితోడు చిన్నప్పుడు ‘అల్లరి చేస్తే సూదేయిస్త’ అన్న బెదిరింపు వినకుండా పెరిగినవాళ్లు తక్కువ.

కాబట్టి ‘సూది భయం’ అనే ఒక్క మాట వెనక నాలుగు సంగతులున్నాయి: గుచ్చినప్పటి నొప్పి, రక్తం కంటబడటం, నలుగురిలో కండ్లు తిరిగి పడిపోతామన్న బెరుకు, ఆ తర్వాత నీరసపడతామన్న దిగులు. నాలుగింటికీ విరుగుడు ఒకటి కాదు. ఒకదానికి పనిచేసే ఉపాయం మరోదానికి ఎదురు తిరుగుతుంది కూడా. కండ్లు తిరిగే రకానికి ‘ధైర్యంగా ఉండు, ఒళ్లు వదులుగా పెట్టు’ అని చెప్పే సలహా అలాంటిదే.

ఈ జిల్లాల్లో చాలామందికి మొదటి రక్తదానం ఎలా ఎదురవుతుందో చూస్తే భయం ఎందుకు గట్టిపడుతుందో తెలుస్తుంది. ఇంట్లో ఎవరికో కాన్పు కష్టమవుతుంది, లేదంటే విజయవాడ రోడ్డు మీదో కర్నూలు రోడ్డు మీదో యాక్సిడెంట్ అవుతుంది. ‘రెండు యూనిట్లు కావాలె, మీవాళ్లను పిలిపించుకోండి’ అంటారు. రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్న తమ్ముడు, పొద్దటినుంచి చాయ్ తప్ప ఏమీ ముట్టని బావమరిది అప్పటికప్పుడు చేయి చాపుతారు. నిద్ర లేదు, తిండి లేదు, నీళ్లు లేవు, మనసు నిండా గాబరా. మనిషి సొమ్మసిల్లడానికి ఇంతకన్నా ఏం కావాలి? అలా పడిపోయినవాడు ‘నాకు రక్తం ఇచ్చుడు పడదు’ అని జన్మకంతా తీర్మానించుకుంటాడు. నిజానికి అతనికి పడనిది ఆ రోజు పరిస్థితి. సూదికి జడిసే మనిషి మొదటిసారి ఎవరి ప్రాణం మీదికో రాకముందే, మామూలు రోజున, కడుపు నిండా తిని ఇవ్వడం అందుకే మంచిది.

సూది ఎంత దొడ్డు, ఎందుకంత దొడ్డు

‘చిన్న సూదే’ అని చెప్పి కుర్చీ ఎక్కించడం తప్పు. చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది, ఆపైన ఇంకే మాటా నమ్మరు. రక్తం తీసే సూది 16 గేజిది. బయటి కొలత సుమారు 1.6 మిల్లీమీటర్లు. గేజి లెక్క తలకిందులుగా నడుస్తుంది, అంకె తగ్గేకొద్దీ సూది లావు. జరానికి వేసే సూది 22 నుంచి 24 గేజి దాకా ఉంటుంది, అంటే 0.6, 0.7 మిల్లీమీటర్ల దగ్గర. కాబట్టి ఇది రెండింతలకు పైగా దొడ్డు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు.

సన్న సూదితో తీస్తే ఎర్రకణాలు ఇరుకు దారిలో ఒరుసుకుని పగిలిపోతాయి. ధార నెమ్మదించి పైపులోనే గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. 350 మిల్లీలీటర్లు 5 నుంచి 10 నిమిషాల్లో రావాలంటే దారి వెడల్పుగా ఉండాల్సిందే.

అయితే సూది రెండింతలు లావైతే నొప్పి రెండింతలు కాదు. కొనను ఏటవాలుగా, చాలా పదునుగా కోస్తారు, పైన సిలికాన్ పూత ఉంటుంది. కండకు వేసే ఇంజెక్షన్‌లో ఎక్కువ బాధ పెట్టేది లోపలికి పోయి కండను ఒరుసుకునే మందు. ఇక్కడ లోపలికి పోయేది ఏమీ లేదు. చర్మం దాటే ఒకటి రెండు క్షణాలు చురుక్కుమంటుంది, ఆ తర్వాత లాగినట్టు చిన్న బరువు. హిమోగ్లోబిన్ చూడటానికి వేలికొనను పొడిచేదే ఎక్కువ నొప్పి అని ఇచ్చినవాళ్లు చాలామంది చెప్తారు. వేలికొనల్లో స్పర్శ నాడులు చిక్కగా ఉంటాయి, మోచేతి మడతలో అంత ఉండవు. అంటే వేలు పొడిపించుకున్న మనిషి నొప్పి పరంగా సగం పని దాటేసినట్టే.

మన మాటల్లోనే ఇంకో చిక్కుంది. ‘నరం దొరకలే’, ‘నరానికి సూది పెట్టిండ్రు’ అంటుంటాం. నరమంటే నాడి అని కూడా అర్థం కాబట్టి, సూది నాడిలోకి దిగుతుందని, చేయి పడిపోతుందని కొందరి భయం. సూది దిగేది సిరలోకి, అంటే చెడు రక్తాన్ని గుండెకు మోసుకుపోయే గొట్టంలోకి. మోచేతి మడతలో అది చర్మానికి దగ్గరగా, వేలితో నొక్కితే మెత్తగా స్ప్రింగులా తగులుతుంది. కంటికి కనబడటం కన్నా వేలికి తగలడం ముఖ్యం. బక్క చేతుల మీద నీలంగా తేలే సన్న సిరల కన్నా లోపల దాగిన లావు సిర మేలు.

నొప్పే అసలు భయమైతే రెండు ఉపాయాలున్నాయి. లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీము గంట ముందు మోచేతి మడతలో దట్టంగా రాసి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించి పెడితే చర్మం మొద్దుబారుతుంది. దానికి ముందే రక్తకేంద్రంలో, అంటే బ్లడ్ బ్యాంకులో, అడిగి ఒప్పించుకోవాలి, గుచ్చేముందు పూర్తిగా తుడిచేయాలి. రెండోదానికి పైసా ఖర్చు లేదు. సూది దిగే క్షణంలో ఒకసారి దగ్గడం. దృష్టి మళ్లి నొప్పి తక్కువ తెలుస్తుంది. కాకపోతే చేయి కదలకూడదు, దగ్గబోతున్నట్టు టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి.

కండ్లు తిరిగే భయం: ఇక్కడ సలహా తిరగబడుతుంది

పామును చూసి భయపడినవాడు సొమ్మసిల్లడం అరుదు. గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, కాళ్లు పరుగెత్తడానికి సిద్ధమవుతాయి. రక్తం, సూది, గాయం అంటే భయపడేవాళ్లలో కొందరికి మాత్రం వ్యవహారం రెండు దశల్లో నడుస్తుంది. మొదట గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఆపైన ఒక్కసారిగా వేగస్ అనే నాడి గుండె వేగానికి కళ్లెం వేస్తుంది, కాళ్లలోని రక్తనాళాలు వదులవుతాయి. రక్తం కిందికి దిగిపోతుంది, మెదడుకు అందేది తగ్గుతుంది. ఆవులింతలు, చల్లని చెమట, కడుపులో తిప్పడం, చెవుల్లో హోరు, కండ్లు బైర్లు కమ్మడం ఈ వరసలోనే వస్తాయి. ఇది పిరికితనం కాదు, రక్తప్రసరణ సంగతి. ఇంట్లో తండ్రికో అక్కకో ఉంటే తనకూ ఉండటం తరచుగా కనిపిస్తుంది.

ఇప్పుడు ‘ఒళ్లు వదులుగా పెట్టు, నిదానంగా ఊపిరి పీల్చు’ అనే సలహా ఏం చేస్తుందో చూడండి. బీపీ పడిపోతున్న మనిషిని ఇంకా వదులు కమ్మంటోంది. గాబరాలో అది నిదానపు ఊపిరి కాకుండా గబగబా పీల్చే ఊపిరిగా మారితే వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కి భయం రెండింతలవుతుంది. నొప్పికి మాత్రమే జడిసేవాడికి ఈ సలహా మంచిదే. కండ్లు తిరిగేవాడికి కావలసింది దీనికి తలకిందుల పని: ఒళ్లు బిగించడం.

1980ల్లో స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పద్ధతిని పరీక్షించి ఒక దారిలో పెట్టాడు. చేసేది చాలా తేలిక. కూర్చుని తొడలు, పిక్కలు, పిరుదులు, పొట్ట, చేతులు ఒకేసారి బిగించాలి. 10 నుంచి 15 సెకన్లు, ముఖం వెచ్చబడినట్టు తెలిసేదాకా. తర్వాత వదలాలి, కానీ పూర్తిగా జారవిడవకూడదు, మామూలు స్థితికి వస్తే చాలు. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ. ఇలా ఐదుసార్లు. ఊపిరి బిగబట్టకూడదు. ఎక్కువమంది చేసే తప్పు అదే, ఊపిరి బిగబడితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. తలనొప్పి వస్తే బిగింపు ఎక్కువైందని అర్థం. రోజుకు నాలుగైదు విడతలుగా వారం రోజులు ఇంట్లో సాధన చేస్తే కుర్చీ మీద ఆలోచించకుండానే వస్తుంది. బస్సులో కూర్చుని చేసినా ఎవరికీ తెలియదు.

రక్తం ఇచ్చేటప్పుడు కొద్దిగా మార్చుకోవాలి. సూది ఉన్న చేతిని బిగించకూడదు. పాదాలు ఒకదానిమీద ఒకటి వేసి, తొడలు దగ్గరికి నొక్కి, పిరుదులు, పొట్ట బిగిస్తే సరిపోతుంది. ఇంకో మెలిక ఉంది. బీపీ చూసేముందు ఈ పని చేయొద్దు. బిగింపు బీపీని పెంచుతుంది. పై అంకె 100 నుంచి 140, కింది అంకె 60 నుంచి 90, గుండె వేగం నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటేనే దాతగా తీసుకుంటారు. గాబరాకే బీపీ 150కి, గుండె వేగం 110కి ఎక్కి వెనక్కి వచ్చినవాళ్లున్నారు. అలా ఎక్కువ చూపిస్తే పది నిమిషాలు కూర్చుని మళ్లీ చూడమని అడగొచ్చు. అప్పటిదాకా సాధన పక్కన పెట్టి కబుర్లు చెప్పుకోవడమే మంచిది.

ముందు నెలలో చేయదగ్గ పని

భయాన్ని ఒక్కరోజులో దాటించడం కన్నా మెట్లు మెట్లుగా దించడం నిలుస్తుంది. మొదటి మెట్టు, రక్తం ఇస్తున్న స్నేహితుడి పక్కన కూర్చోవడం, సూది వైపు చూడకపోయినా సరే. రెండో మెట్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీబీపీ అనే రక్తకణాల లెక్క పరీక్ష చేయించుకోవడం. రెండు మూడు మిల్లీలీటర్లే తీస్తారు, సన్న సూది, చోటు మాత్రం అదే మోచేతి మడత. ఒళ్లు బిగించే పద్ధతిని నిజం సూదితో పరీక్షించడానికి ఇంతకన్నా మంచి సందర్భం లేదు. పైగా హిమోగ్లోబిన్ ఎంతో ముందే తెలుస్తుంది.

ఆడవాళ్లకు ఈ అంకె మరీ అవసరం. కనీసం 12.5 గ్రాములు ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. భయాన్ని జయించి, బస్సెక్కి వచ్చి, వేలు పొడిపించుకున్నాక ‘రక్తం తక్కువుంది, పోమ్మా’ అనిపించుకోవడం కన్నా ముందే తెలుసుకుని రెండు మూడు నెలలు ఐరన్ గోలీలు వాడి రావడం నయం. గోలీ చాయ్‌తో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతోనైతే బాగా పడుతుంది. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పెంచుతుందన్న నమ్మకం రంగును చూసి పుట్టింది. తోటకూర, నువ్వులు, బెల్లం, తినేవాళ్లకు కార్జం దానికన్నా పనికొస్తాయి.

మిగతా హద్దులు కూడా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. వయసు 18 నుంచి 65, మొదటిసారి ఇచ్చేవాళ్లకు 60 దాటకూడదు. బరువు 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్ల బ్యాగు, 55 దాటితే 450 తీసుకోవచ్చు. కిలోకు 8 మిల్లీలీటర్ల దగ్గర ఆపాలన్న లెక్క ఇది. 45 కిలోల మనిషి ఒంట్లో రక్తం మూడు లీటర్ల లోపే, అందులో 350 అంటే సుమారు ఎనిమిదో వంతు. 60 కిలోల మగవాడికి అదే 350 పన్నెండో వంతు. బక్కపలచని కాలేజీ పిల్లలు ఎక్కువగా కండ్లు తిరిగి పడటానికి ఇది ఒక కారణం. బరువు 56, 57 ఉన్న భయస్తులు మొదటిసారి 350 బ్యాగే పెట్టమని అడగడం సమంజసం.

పచ్చబొట్టు పొడిపించుకుని, చెవో ముక్కో కుట్టించుకుని ఏడాది కాకపోతే ఆగాలి. మలేరియా తగ్గాక 3 నెలలు, టైఫాయిడ్‌కు 12 నెలలు. కాన్పు తర్వాత ఏడాది, పాలిచ్చినంత కాలమూ కూడదు. నెలసరి రోజుల్లో తీసుకోరు.

చోటు ఎంపిక గురించి ఒక మాట. నాయకుల పుట్టినరోజు శిబిరం భయస్తులకు మంచి చోటు కాదు. షామియానా కింద ఉక్క, మైకు మోత, ఫొటోల కోసం గుంపు, వరసగా వేసిన మంచాలు. పక్క మంచం మీదివాడు సొమ్మసిల్లితే చూస్తున్నవాళ్లకూ తిప్పడం మొదలవుతుంది. ఇది అంటుకునే రకం. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లా కేంద్రాల్లో ఆసుపత్రి రక్తకేంద్రానికి మామూలు పనిరోజు పొద్దున పోతే గదిలో జనం తక్కువ, చూసే ఓపిక ఎక్కువ. ఎక్కడెక్కడ కేంద్రాలున్నాయో ఈ-రక్తకోశ్ వెబ్‌సైటులో కనబడుతుంది. ఎర్రకణాలు మామూలు బ్యాగులో 35 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలుస్తాయి కాబట్టి జూన్ 14నో అక్టోబర్ 1నో అందరూ ఒకేసారి ఇవ్వడం కన్నా, కాలేజీలకు సెలవులుండి దాతలు దొరకని ఏప్రిల్, మే నెలల్లో ఇచ్చే ఒక్క బ్యాగు విలువ ఎక్కువ. అయితే ఆ ఎండల్లో నీళ్ల లెక్క తప్పకూడదు.

ఆ పొద్దున

రక్తం ఇచ్చే ముందు నాలుగు గంటల లోపు ఏదో ఒకటి తిని ఉండాలి. పరగడుపున రక్తం ఇవ్వాలన్నది షుగర్ పరీక్షతో కలిపేసుకున్న అపోహ. ఇడ్లీ, జొన్నరొట్టె, అన్నం ఏదైనా సరే. గద్వాల వైపైతే ఉగ్గాణి తినొచ్చు, పక్కనుండే మిర్చిబజ్జీల మీద మాత్రం చేయి తగ్గించాలి. నూనె ఎక్కువైతే ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, పాలలా తెల్లబడి పరీక్షలకు అడ్డొస్తుంది. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు, రోజా ఉన్నవాళ్లు ఆ రోజు మానుకోవాలి. మాల వేసుకుని ఒంటిపూట భోజనం చేసేవాళ్లు దీక్ష విరమించాక వస్తే మంచిది.

రక్తం ఇవ్వబోయే ముందు అరగంటలో అర లీటరు నీళ్లు తాగాలి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు. ఒకేసారి అన్ని నీళ్లు కడుపులో పడితే రక్తనాళాలు కాసేపు బిగుసుకుని బీపీ నిలబడుతుంది, సిర కూడా సులువుగా దొరుకుతుంది. ఉప్పేసిన మజ్జిగ అదనపు బలం. కల్లు తాగి రాకూడదు. ‘కల్లు మందు కాదు గదా’ అనే వాదన ఇక్కడ నడవదు, అదీ ఆల్కహాలే, మత్తుమందు కలిపిన కల్లైతే ఇంకా ప్రమాదం. ముందురాత్రి నిద్ర లేకపోతే, నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తే తిప్పి పంపిస్తారు, పంపించాలి కూడా. వదులు చేతుల చొక్కా వేసుకోవడం చిన్న సంగతే కానీ, బిగుతు చేతిని పైకి మడిస్తే అదే కట్టులా బిగుసుకుంటుంది.

లోపల జరిగేది

ముందు ఫారం. పాత జబ్బులు, వాడుతున్న మందులు, ఇంతకుముందు ఎప్పుడైనా సొమ్మసిల్లారా అన్న ప్రశ్న ఉంటాయి. ఇక్కడ దాచకూడదు. ‘నాకు సూదంటే భయం, గతంలో పడిపోయాను’ అని చెప్పిన మనిషిని పడుకోబెట్టి తీస్తారు, అనుభవమున్న చేయి వస్తుంది. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా అవుతుందని రక్తదానానికి రావడం తప్పు, దానికి ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీలనే హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రాలు వేరే ఉన్నాయి.

తర్వాత వేలు పొడుస్తారు. చాలాచోట్ల ఆ చుక్కను నీలం నీళ్లలో వదులుతారు. అది రైతులు మందుల్లో కలిపే మైలుతుత్తం ద్రావణమే, సాంద్రత 1.053 ఉండేలా కలిపింది. చుక్క 15 సెకన్లలో మునిగితే హిమోగ్లోబిన్ 12.5 దాటినట్టు, తేలితే తక్కువున్నట్టు. నడిమి వేలో ఉంగరపు వేలో ఇచ్చి, కొన మధ్యన కాకుండా పక్కన పొడవమంటే నొప్పి తగ్గుతుంది.

కౌచ్ మీద పడుకున్నాక బీపీ పట్టీ కట్టి 40 నుంచి 60 దాకా గాలి నింపుతారు. మడతను స్పిరిట్, అయోడిన్‌తో తుడుస్తారు. తుడిచాక ఆరేదాకా 30 సెకన్లు ఆగాలి. తడి మీదే గుచ్చితే మంట పుడుతుంది, క్రిములూ పూర్తిగా చావవు. తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టి వెతికితే ‘ఇంకోసారి తుడవండి’ అని అడగడంలో తప్పు లేదు. సూది, పైపు, బ్యాగు ఒకే ముక్కగా, కంపెనీ సీలుతో వస్తాయి. ఒకసారి వాడి పారేసేవే. ఆ సీలు ఎదుటే విప్పడం చూస్తే అంటురోగాల భయం అక్కడే పోతుంది. బ్యాగులో ముందే కనిపించే నీళ్లలాంటి ద్రవం గడ్డకట్టకుండా ఆపే మందు, 350 బ్యాగులో 49 మిల్లీలీటర్లు. అది దాత ఒంట్లోకి పోదు.

రక్తం చూస్తే తిప్పేవాళ్లు ముఖం అవతలికి తిప్పుకుంటే చాలదు. పైపు వెచ్చగా చేతికి తగులుతుంటుంది, బ్యాగును ఊపే మిషన్ చప్పుడు వినబడుతుంది. చేతి మీద, పైపు మీద తువ్వాల కప్పమని అడగాలి, చెవుల్లో పాటలు పెట్టుకోవాలి. కొన్ని బ్యాగులకు చిన్న సంచి ఒకటి అతికి ఉంటుంది. మొదటి 30 మిల్లీలీటర్లు అందులోకి పోతాయి. చర్మం మీది క్రిములేమైనా ఉంటే అక్కడే ఆగుతాయి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలకు నమూనా కూడా దాన్నుంచే తీస్తారు. పరీక్షల కోసం ఇంకోసారి గుచ్చాల్సిన పని ఉండదు.

పిడికిట్లో బంతి పెట్టి నొక్కమంటారు. పది పన్నెండు సెకన్లకోసారి మెల్లగా నొక్కితే చాలు. భయంతో ఆపకుండా పిసికితే చేయి గుంజుతుంది. మధ్యమధ్య కాళ్ల బిగింపు సాగాలి, ముఖ్యంగా చివరి రెండు నిమిషాల్లో, సూది తీసే ముందు. ‘అయిపోయింది’ అనుకోగానే ఒళ్లు ఒక్కసారి వదులైపోతుంది. పడిపోయేవాళ్లలో చాలామంది ఆ ఘడియలోనే పడతారు.

తేడా కొట్టేది ఎక్కడ

చేతిలో కరెంటు పాకినట్టు, వేళ్లదాకా జివ్వుమంటే సూది నిజంగానే నాడికి తగిలిందన్నమాట. ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పాలి, తీసేస్తారు. రక్తం మరీ ఎర్రగా, గుండె కొట్టుకున్నట్టు ఎగిసెగిసి వస్తే, బ్యాగు నాలుగు నిమిషాల లోపే నిండిపోతుంటే ధమనికి, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టానికి, తగిలి ఉండొచ్చు. అరుదే కానీ సూది తీసి కనీసం పది నిమిషాలు గట్టిగా నొక్కాలి. ధార ఆగిపోతే సూదిని లోపల అటూ ఇటూ వెతకనివ్వకూడదు. కొద్దిగా సర్దడం వేరు, గుచ్చి గుచ్చి చూడటం వేరు. భయస్తుడికి రెండో చేయి మీద మళ్లీ గుచ్చడం కన్నా ఆ రోజుకు ఆపడం మేలు.

ఎక్కువగా చూసేది నీలిమచ్చ. సిర అవతలి గోడ కూడా చిల్లుపడటం ఒక కారణమైతే, దూది పెట్టి మోచేయి మడిచేయడం రెండోది. మడిస్తే రంధ్రం సాగి నోరు తెరుస్తుంది. చేయి చాచి, కొంచెం పైకెత్తి, రెండు వేళ్లతో దూదిని ఐదు నిమిషాలు నొక్కాలి. రుద్దకూడదు. మచ్చ వస్తే మొదటి రోజు ఐసు, తర్వాత వేడి కాపడం. వారం పది రోజుల్లో పసుపుపచ్చగా మారి పోతుంది.

మనిషి సొమ్మసిల్లితే చేయాల్సింది తల కిందికి, కాళ్లు పైకి. సూది ఉంటే తీసేయాలి. కొందరికి ఆ కొద్ది సెకన్లు చేతులు కాళ్లు కొట్టుకుంటాయి. మెదడుకు రక్తం అందక వచ్చేది అది, మూర్ఛ జబ్బు కాదు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించడం ఏవీ పనికిరావు. కూర్చోబెడితే మళ్లీ పడతాడు. పడుకోబెట్టి ఉంచితే నిమిషం రెండు నిమిషాల్లో తెలివి వస్తుంది, అప్పుడు నీళ్లు.

లేచాక

పడుకున్నచోటే ఐదు నిమిషాలు, కూర్చుని పది పదిహేను నిమిషాలు. బిస్కెట్లు, పండ్లరసం ఇచ్చేది తిని వెళ్లడానికే, ఇంటికి కట్టుకుపోవడానికి కాదు. దెబ్బలు తగిలే పడిపోవడాలు కుర్చీ మీద జరగవు. అరగంట గంట తర్వాత బస్టాండ్‌లో నిలబడ్డప్పుడో, బాత్రూంలోనో, బండి మీదో జరుగుతాయి. కాబట్టి గంటసేపు బండి తీయొద్దు, దేవరకొండ బస్సులోనో నారాయణపేట బస్సులోనో నిలబడి పోవద్దు, సీటు దొరికే బస్సు కోసం ఆగాలి. తిప్పినట్టనిపిస్తే ఎక్కడున్నా సరే అక్కడే కింద కూర్చోవడం, వీలైతే పడుకోవడం. సిగ్గుపడి గోడ పట్టుకుని నిలబడినవాడికే తల పగులుతుంది.

గుచ్చినచోట అంటించిన పట్టీ నాలుగైదు గంటలు ఉంచాలి. ఆ రోజు బరువులెత్తడం, నిచ్చెనెక్కడం, తాడిచెట్టెక్కడం, బావిలో దిగడం కూడదు. నీళ్లు మామూలు కన్నా నాలుగైదు గ్లాసులు ఎక్కువ. నీరసం సంగతికొస్తే, పోయిన నీటి భాగం 24 నుంచి 48 గంటల్లో నిండుతుంది. ఎర్రకణాలకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. 350 మిల్లీలీటర్లతో పోయే ఐరన్ సుమారు 150 మిల్లీగ్రాములు, అన్నిటికన్నా నిదానంగా పూడేది అదే. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల గడువు పెట్టింది అందుకు.

ఇంత చేసినా కుర్చీ దాకా వచ్చి లేచిపోయేవాళ్లుంటారు. సూది దిగకముందైనా, దిగాకైనా ‘ఆపండి’ అనే హక్కు దాతకు ఉంది. సగంలో ఆగిన బ్యాగును సాధారణంగా వాడరు, లోపలి మందుకూ రక్తానికీ పాళ్లు తప్పుతాయి. కాబట్టి అనుమానముంటే ఆ మాట సూది దిగకముందే చెప్పడం మంచిది. ఆ రోజు వేలు పొడిపించుకుని, బీపీ చూపించుకుని, బ్లడ్ గ్రూపు తెలుసుకుని వచ్చినా పోయినపని వృథా కాదు. వచ్చే నెల అదే గదికి పోయినప్పుడు కొత్తగా భయపడాల్సినవి మూడు తగ్గి ఉంటాయి.